పరీక్షలకు అందని నొప్పి, దానికి తగిన మందు

(గ్రామ మహిళా సంఘముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మాటాడబోవునది ఫైబ్రోమయాల్జియా అను వ్యాధిని గూర్చి. పేరు నోరు తిరుగనిదే గాని, జబ్బు మాత్రము మన ఇండ్లలో తిరుగుచున్నదే. మీలో పలువురు ఈ పేరు విని యుండరు. లక్షణములు చెప్పినచో, మా వదినకున్నది ఇదేనే అని కొందరైనను అనుకొందురు.

తెల్లవారి లేచునప్పటికి ఒళ్ళంతయు రోటిలో వేసి దంచినట్లుండును. మెడ, భుజములు, వీపు, నడుము, తొడలు. నొప్పి ఫలానా చోటనే అని వ్రేలు పెట్టి చూపుటకు వీలుండదు. నేడు భుజమున సలిపినది రేపు పిక్కలలో పోటుగా దిగును. రాత్రి ఎనిమిది గంటలు పండుకొన్నను నిద్రపోయిన సుఖముండదు. పొయ్యిమీద పాలు పెట్టిన సంగతి మరపునకు వచ్చును. పిల్లవాడు ప్రేమతో మెడ కౌగిలించుకొన్నను ప్రాణము విలవిలలాడును. ఆసుపత్రికి పోయి రక్తపరీక్షలు చేయించి, ఎక్స్‌రేలు తీయించినచో అన్నియు సరిగానే ఉన్నవని కాగితము వచ్చును. ఆ కాగితము ఇంటికి వచ్చిన దినముననే ఆమెకు రెండవ కష్టము ప్రారంభమగును. "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయంట. ఇక నొప్పెక్కడిది?" అని అత్తగారు అందురు. భర్త పైకి అనకపోయినను అట్లే తలచును. కొంతకాలమునకు ఆమెయు, నాది వట్టి భ్రమయేమో అని తన్ను తానే శంకించుకొనును.

భ్రమ కాదు. ఈ మాట మేము ముందుగా చెప్పి తరువాతనే మందుల ప్రసక్తికి వచ్చెదము. ప్రపంచమున పెద్దవారిలో 100 మందికి 2 నుండి 4 మంది వరకు ఈ వ్యాధితో బాధపడుచున్నారని వైద్యుల అంచనా. అనగా 2,000 మంది పెద్దలున్న గ్రామమున 40 మందికైనను ఉండవచ్చును. వీరిలో స్త్రీలు అధికము. పురుషులకు రాదని కాదు. లండను నగరపు వైద్యుడు విలియం గోవర్స్ 1904 లో ఇట్టి నొప్పులకు కండరముల మధ్య పొరలలోని వాపు కారణమని తలచి ఒక పేరు పెట్టెను. తరువాతివారు ఎంత వెదకినను వాపు కానరాలేదు. అందుచే 1976 లో ఆ పేరు మార్చి ఇప్పటి పేరును వాడుకలోనికి తెచ్చిరి.

వాపు లేదు, గాయము లేదు, మరి నొప్పి ఎట్లు వచ్చును? మీ రామాలయము మీది మైకును తలచుకొనుడు. పూజారిగారు మెల్లగనే చదువుచుందురు. యంత్రము మీది మర ఎవరో చివరి వరకు త్రిప్పినచో, ఆ మెల్లని మాటయే ఊరంతయు దద్దరిల్లునట్లు వినవచ్చును. ఒక్కొక్కప్పుడు ఎవరును మాటాడకున్నను మైకు కూత పెట్టును. ఈ వ్యాధిలో నరములును, వెన్నుపామును, మెదడును నొప్పి కబురును అట్లే పెంచి వినిపించును. ఎక్స్‌రే తీయించుట పూజారిగారి గొంతు పరీక్షించుట వంటిది. గొంతు బాగుగనే ఉండును. చెడినది మర. కాని చెవులకు తగులు శబ్దము నిజమైనదే గదా!

అయితే ఒళ్ళునొప్పులన్నియు ఇదియే అని ఎవరికి వారు తీర్మానించుకొనుట మహా ప్రమాదము. మన ప్రాంతమున నొప్పులకు వేరే కారణములు కొల్లలు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసిపోవు వ్యాధిని 1937 లోనే నాటి మదరాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా గ్రామములలో వైద్యులు గుర్తించి ప్రకటించిరి. దర్శి, పొదిలి, కనిగిరి వైపు వారికిని, నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు వారికిని దానిని గూర్చి మేము చెప్పనక్కరలేదు. 2005, 2006 సంవత్సరములలో చికున్‌గున్యా జ్వరము ఆంధ్రదేశమును చుట్టుముట్టినప్పుడు, జ్వరము పోయినను కీళ్ళనొప్పులు నెలల తరబడి వదలనివారు మన కండ్ల యెదుటనే యుండిరి. థైరాయిడ్ గ్రంథి మందగించినను, విటమిన్ డి తక్కువైనను, రక్తహీనత కలిగినను ఒళ్ళు నొప్పులు వచ్చును. కీళ్ళు వాచి ప్రొద్దుట గంటసేపు వంగకుండుట కీళ్ళవాతపు లక్షణము. కనుక వైద్యుడు మొదట రక్తపరీక్షలు వ్రాయుట వీటిని త్రోసిపుచ్చుటకే. నొప్పి దేహమున పలు తావులలో మూడు నెలలకు పైబడి నిలిచి, దానికి నిద్రలేమి, అలసట, మరపు తోడై, వేరొక వ్యాధి కారణముగా కానరానప్పుడు ఫైబ్రోమయాల్జియా అని నిర్ణయింతురు. 1990 లో ఏర్పరచిన పద్ధతి ప్రకారము దేహమున 18 తావులు నొక్కి చూచి 11 చోట్లనైనను నొప్పి ఉన్నదా అని చూచెడివారు. 2010 నుండి ఆ నొక్కుడు అవసరము లేకయే, రోగి చెప్పిన లక్షణములను లెక్కించి నిర్ణయించు పద్ధతి వచ్చినది. అనగా రోగి నోటిమాటకు శాస్త్రమే విలువ ఇచ్చినది. ఇంటివారు ఇయ్యకుండుట న్యాయము కాదు.

జ్వరము, బరువు తగ్గుట, కీలు వాచి ఎఱ్ఱబారుట, ఒక కాలు గాని చేయి గాని పట్టు తప్పుట. ఇవి ఈ జబ్బు లక్షణములు కావు. ఇవి కనబడినచో మా ప్రసంగము కొరకు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇక మందుల సంగతి. మేము వైద్యులము కాము, ప్రచారశాఖ ఉద్యోగులము. వైద్యులు చెప్పినదానిని మీకు తెలియు మాటలలో మీ చెంతకు చేర్చుట మా పని. ఏ మందు ఎవరికో నిర్ణయించుట వారి పని.

మన పల్లెలలో నొప్పికి తొలిమందు సూది. పైరు పనుల కాలమున ఈ సూదుల జోరు చూడవలెను! మిరపకాయల కోతల దినములలో ఒక గ్రామమున మేము ఒక ఇల్లు చూచితిమి. ఆ ఇల్లాలు రెండు సంవత్సరములుగా వారమునకొక సూది, దినమునకు రెండు పేరులేని బిళ్ళలు తీసికొనుచుండెను. బిళ్ళలు కాగితపు పొట్లములో వచ్చెడివి. ఆమె ముఖము గుండ్రముగా నిండి, బుగ్గలు ఎఱ్ఱబడినవి. "ఒళ్ళు చేసింది, ఆ మందు పడింది" అని ఇంటివారు సంతోషించుచుండిరి. అది ఒళ్ళు చేయుట కాదు. స్టెరాయిడ్ మందు దీర్ఘకాలము వాడినచో ముఖము అట్లు ఉబ్బును. ఆ పైన చక్కెరవ్యాధి బయటపడును, ఎముకలు గుల్లబారును, చిన్న పుండు కూడ మానదు. జిల్లా ఆసుపత్రిలో పరీక్షించగా ఆమెకు చక్కెర ఎక్కువగా నున్నదని తేలినది. అన్నిటికంటె విచారింపదగిన విషయమేమనగా, ఆ మందు ఆమె జబ్బుకు పనికివచ్చునది కానే కాదు. ఫైబ్రోమయాల్జియాలో వాపు లేదని ముందే చెప్పితిమి. వాపు తగ్గించు డెక్సామెథజోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లకు అక్కడ పని ఏమున్నది? సూది పడిన రెండు దినములు ఆకలి పెరిగి, ఉత్సాహము వచ్చి, పని సాగును. మూడవనాటికి నొప్పి యథాప్రకారము వచ్చి కూర్చుండును.

ఇది విని ఎవరైనను నేటినుండియే ఆ బిళ్ళలు మానివేయుదమని తలచినచో అదియు ముప్పే. చాలకాలము స్టెరాయిడ్ వాడినవారి దేహము తనంతట తాను తయారు చేసికొనవలసిన రసమును మానివేసి యుండును. ఒక్కసారిగా ఆపినచో రక్తపుపోటు పడిపోయి ప్రాణము మీదికి రావచ్చును. వైద్యుని చూపి, కొంచెము కొంచెముగా తగ్గించుకొని మానవలెను. మేము చెప్పిన ఇల్లాలికిని వైద్యులు అట్లే నెలల తరబడి తగ్గించుచు మాన్పించిరి.

డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పిబిళ్ళలదియు ఇదే కథ. ఇవి వాపుతో కూడిన నొప్పికి మంచివే. ఈ జబ్బుకు వీటివలన ప్రయోజనము మిక్కిలి స్వల్పము. కడుపులో పుండు, మూత్రపిండములకు హాని మాత్రము స్వల్పము కాదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని ఇండ్లను కుంగదీసినదో మీరెరుగుదురు. అక్కడి వ్యాధికి కారణము ఇదియే అని శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. నొప్పిబిళ్ళలే కారణమని మేమును అనుట లేదు. కాని మూత్రపిండములు దెబ్బతిన్నవారు వీటి జోలికి పోరాదని వైద్యులందరును ఏకముఖముగా చెప్పుదురు. ఎండలో చెమటోడ్చి, నీరు చాలినంత త్రాగక పనిచేయువారికి ఈ బిళ్ళలు మరింత చెరుపు. ఇక ట్రామడాల్ అను గట్టి నొప్పిమందును 2018 లో మన దేశమున మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చిరి. అలవాటుగా మారు గుణము దానికున్నది. ఎవరో తెచ్చియిచ్చిరని మ్రింగవలసినది కాదు.

మరి పనికివచ్చు మందులు లేవా? కలవు. అవి నొప్పి ఉన్న చోట గాక, మేము చెప్పిన ఆ మర దగ్గర పనిచేయును. వానిలో పాతది అమిట్రిప్టిలిన్. సాధారణముగా 10 మిల్లీగ్రాముల చిన్న బిళ్ళతో, రాత్రి పరుండుటకు గంట రెండు గంటల ముందు ప్రారంభింతురు. నిద్ర పట్టించుట దాని మొదటి మేలు. నిద్ర కుదిరినచో నొప్పియు కొంత మెత్తబడును. నోరు ఎండుట, మలబద్ధకము, ప్రొద్దుట మబ్బుగా నుండుట దాని చెడుగుణములు. గుండెజబ్బు, కంటిలో ఒత్తిడి, ముసలివారికి మూత్రము బిగియుట ఉన్నచో ముందుగా వైద్యునికి చెప్పవలెను. రెండవది ప్రిగాబలిన్. ఈ జబ్బుకని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మొట్టమొదట, 2007 లో, అనుమతించినది దీనినే. తల తిరుగుట, మత్తు, పాదములు నీరుపట్టుట, బరువు పెరుగుట కలుగవచ్చును. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారికి మోతాదు తగ్గించి ఇయ్యవలెను. కల్లు, సారా త్రాగువారికి ఈ మందు మీద మత్తు రెట్టింపగును. మూడవది డ్యులోక్సెటిన్, 2008 లో అనుమతి పొందినది. మొదట 30 మిల్లీగ్రాములు ఇచ్చి, వారము గడచిన పిమ్మట 60 చేయుట మామూలు. తొలి దినములలో కడుపులో త్రిప్పును. అన్నము తిని వేసికొన్నచో ఆ బాధ తగ్గును. నాలుగవది మిల్నాసిప్రాన్, 2009 నాటిది. మన వైపు దీని వాడుక తక్కువ.

ఈ మందులలో ఏదియు సూదివలె సాయంత్రమునకు గుణమీయదు. చిన్న మోతాదుతో మొదలిడి, మెల్లగా పెంచి, నాలుగు నుండి ఎనిమిది వారములు వేచి చూడవలెను. ఈ ఓపిక లేకయే పల్లెలలో పలువురు పది దినములకే మానివేయుచున్నారు. ఒకరికి పడిన మందు మరొకరికి పడదు. ప్రిగాబలిన్ మీద జరిగిన పరీక్షలలో 100 మందిలో 20 మందికి కాస్త పైగా మాత్రమే నొప్పి సగమునకు తగ్గినది. మందు లేని వట్టి బిళ్ళ మ్రింగినవారిలోను కొందరికి అట్లే తగ్గినది. ఈ లెక్క చెప్పుట మిమ్ము నిరుత్సాహపరచుటకు గాదు. మొదటి మందు పనిచేయనిచో జబ్బు మొండిదనియు, వైద్యుడు చేతగానివాడనియు అనుకొనక, రెండవదానికి పోవలెనని చెప్పుటకే. నొప్పి మూడింట ఒక వంతు తగ్గి, నిద్ర పట్టినచో ఆ మందు పనిచేసినట్లే లెక్క. పూర్తిగా మాయము చేయుదుమను ప్రకటనలను నమ్మవద్దు.

ఇక్కడ మరియొక చిక్కు వచ్చును. చదువుకొన్న కుమారుడు మందు పేరును ఫోనులో వెదకి, "అమ్మా, ఇది మనసు బాగాలేనివాళ్ళకిచ్చే మందు!" అనును. ఆ మాటతో ఇంటిల్లిపాదియు హడలిపోయి మందు పారవేయుదురు. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ మనోవ్యాకులతకును వాడుదురన్నది నిజమే. ఒకే గొడ్డలి కట్టెలు కొట్టుటకును, కొబ్బరి మట్టలు నరుకుటకును పనికివచ్చినట్లు ఒకే మందు రెండు జబ్బులకు పనికివచ్చును. నొప్పిని మోయు నరములలో పనిచేయు రసములే మనసు స్థితిలోను పాలుపంచుకొనుట దీనికి కారణము. ఈ మందులను నడుమ ఒక్కసారిగా ఆపినచో వికారము, తలతిరుగుడు, నిద్రలేమి కలుగును. కనుక ఆ కుమారుడు మందు పారవేయక, తల్లిని వెంటబెట్టుకొని వైద్యునియొద్దకు పోయి అడుగవలెను. ఏండ్ల తరబడి నొప్పి భరించినవారికి నిజముగనే దిగులు పట్టుటయు కలదు. బ్రతుకు మీద విరక్తి కలిగినచో దాచుకొనరాదు. 14416 అను నెంబరుకు ఫోను చేసినచో ప్రభుత్వ టెలీ మానస్ సేవ వారు ఉచితముగా మాటాడుదురు.

ఐరోపాలోని కీళ్ళవ్యాధుల వైద్యుల సంఘము 2016 లో ఈ వ్యాధి చికిత్సలన్నిటిని తూచి చూచి, గట్టిగా సిఫారసు చేసినది ఒక్కదానినే. అది బిళ్ళ కాదు, సూది కాదు, వ్యాయామము. ఈ మాట మేము ఏ గ్రామమున చెప్పినను స్త్రీలు నవ్వెదరు. "తెల్లారింది మొదలు చేసేదంతా వ్యాయామమే గదయ్యా!" అని ఒక ముసలమ్మ మమ్ము నిలదీసినది. ఆమె ప్రశ్న సరియైనదే. కాని వరినాట్లలో ఆరు గంటలు నడుము వంచి నిలుచుట, మిరపచేలో కూర్చుండి ప్రాకుచు కాయ కోయుట, బిందె మోయుట, ఇవి కష్టము; వ్యాయామము కాదు. అవి ఒకే కండరమును పట్టి అలసటకు గురిచేయును. వ్యాయామమన్నది చేతులూపుకొనుచు, బరువు లేక, ఊపిరి హాయిగా ఆడుచుండ చేయు నడక. మొదట పది నిమిషములు, లేదా ఐదు నిమిషములే చాలును. వారమునకు రెండు మూడు నిమిషములు మాత్రమే పెంచుకొనుచు, రెండు మూడు నెలలకు అరగంట చేరవలెను. మొదటి రెండు వారములు నొప్పి కాస్త పెరిగినట్లు తోచును, భయపడి మానరాదు. అట్లని తొలినాడే ఊరి చుట్టు తిరిగి వచ్చినచో మరునాడు మంచము దిగలేరు. యోగాసనములలో తేలికయైనవియు మంచివే. గోరువెచ్చని నీటి స్నానము, వేడినీటి సంచి కాపడము పట్టిన కండరములను వదలించును; వీటికి ఖర్చును లేదు, చెరుపును లేదు.

నడకకంటెను కష్టమైనది పనిని పంచుకొనుట. నొప్పి తక్కువగా నున్న దినమున మన ఇల్లాండ్రు ఏమి చేయుదురు? వారము నుండి పేరుకొన్న పని అంతయు ఆనాడే ముగింపజూతురు. దుప్పట్లు ఉదుకుట, కారము కొట్టుట, పశువుల కొట్టము కడుగుట. తరువాత మూడు దినములు పడకయే. బాగున్ననాడు కొంత మిగిల్చియుంచుట, బాగులేనినాడును కొంత చేయుట అలవరచుకొనవలెను. అరగంట పనికి ఐదు నిమిషముల కూర్చుండుట సోమరితనము కాదు. ఇది ఇంటిలో ఇతరులు చేయి కలుపనిదే సాగదు. బిందె భర్త తెచ్చినచో పరువు పోదు. అత్తగారు ఆ వయసున తాము పడిన నొప్పులను ఒకమారు తలచుకొన్నచో కోడలి మాట నమ్ముట కష్టము కాబోదు. ఆ కాలమున ఆమె మాట నమ్మినవారు ఉండిరో లేదో!

నిద్రకు కూడ ఒక కట్టుబాటు వలయును. ప్రతిదినము ఒకే వేళకు పండుకొని ఒకే వేళకు లేవవలెను. సాయంత్రము నాలుగు గంటల తరువాత టీ మానవలెను. రాత్రి పది దాటువరకు సీరియలు, పిదప పండుకొని ఫోను, ఈ రెండింటికిని స్వస్తి చెప్పినచో బిళ్ళ చేయు పనిలో కొంత మీరే చేసినవారగుదురు.

మందు పనిచేయుచున్నదా లేదా అని తెలియుటకు జ్ఞాపకమును నమ్మరాదు. ఈ జబ్బులో జ్ఞాపకమే ముందు తప్పును. మీ ఇంటిలో పాలలెక్క వ్రాయు గోడ కాలెండరు ఉండును గదా. ప్రతి రాత్రి ఆనాటి గడిలో మూడు అంకెలు వ్రాయుడు: నొప్పి పదింటికి ఎంత, నిద్ర ఎన్ని గంటలు, నడక ఎన్ని నిమిషములు. చదువు రానివారు బడిపిల్లలచే వ్రాయించవచ్చును. కొత్తమందు మొదలిడిన దినమున ఒక చుక్క, మోతాదు మార్చిన దినమున మరియొక చుక్క పెట్టుడు. రెండు నెలలైన తరువాత ఆ కాగితము వైద్యునికి చూపినచో, మీరు అరగంట చెప్పినను తేలని సంగతి ఆయనకు ఒక నిమిషములో తెలియును.

ముందుగా పోవలసినది మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకే. అక్కడి వైద్యుడు అవసరమనుకొన్నచో ఈ-సంజీవని ద్వారా దూరమున నున్న నిపుణునితో మాటాడించగలరు, లేదా జిల్లా ఆసుపత్రికి, బోధనాసుపత్రికి పంపగలరు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో కీళ్ళవాత వ్యాధులకు ప్రత్యేక విభాగము కలదు. మందులు వ్రాసినప్పుడు జన ఔషధి దుకాణమున దొరకునా అని అడుగుడు. అదే మందు అక్కడ చౌకగా లభించును. పోవునప్పుడు పాత చీటీలు, పరీక్షల కాగితములు, ఇప్పుడు వాడుచున్న మందుల ఖాళీ అట్టలు అన్నియు ఒక సంచిలో వేసికొని పొండు. పొట్లములో వచ్చిన పేరులేని బిళ్ళలు ఉన్నచో, సిగ్గుపడి ఇంటిలో దాచక, వానిని కూడ నాలుగు కాగితములో చుట్టి తీసికొని పొండు. వైద్యుడు అన్నిటికంటె ముందు చూడగోరునది వానినే.